క్రీములు రాసినా తగ్గని ఎర్రమచ్చలు: లోపం నా పాలలోనే ఉందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు నాలుగు నెలల పది రోజులు. నెలలు నిండకుండా 34వ వారంలోనే పుట్టింది. అప్పుడు 1.9 కిలోలు, ఇప్పుడు 4.6 కిలోలు. ఇప్పటివరకు నా పాలు తప్ప ఇంకేమీ పట్టలేదు. రెండున్నర నెలలప్పుడు పిరుదుల దగ్గర ఎర్రగా కందిపోయింది. డైపర్ ఒరిపిడి అన్నారు. డైపర్ మానేసి మెత్తటి గుడ్డలు కట్టాం. తగ్గకపోగా నోటి చుట్టూ కూడా వచ్చింది. ఫంగస్ అని ఒక క్రీము, ఎలర్జీ అని ఇంకొకటి, మెడికల్ షాపులో ఇచ్చినది మరొకటి రాశాం. నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ మొదలు. మూడు వారాలుగా రోజుకు ఎనిమిది, తొమ్మిదిసార్లు నీళ్ల విరేచనాలు. జుట్టు ఊడిపోతోంది. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. మా అత్తయ్య అక్కి అనుకుని కుమ్మరాయన దగ్గర మూడుసార్లు రాయించారు. నేను పథ్యం సరిగ్గా చేయలేదని, నా పాలు పడటం లేదని, వెంటనే డబ్బా పాలు మొదలుపెట్టమని ఇంట్లో అంటున్నారు. తెలిసినవాళ్లు ఎవరో జింక్ తక్కువేమో అంటే 15 రోజులుగా నేనే జింక్ మాత్రలు వేసుకుంటున్నాను. ఏ మార్పూ లేదు. మాది మేనరికం, మా వారు నాకు మేనబావ. ఇది నిజంగా జింక్ లోపమేనా? పాలు మానేయాలా? ఇంకో బిడ్డను కంటే వాళ్లకూ వస్తుందా? రాత్రిళ్లు నిద్ర లేదు, టెన్షన్‌తో చచ్చిపోతున్నాను.
– ఒక అమ్మ, పిడుగురాళ్ల

జవాబు: అమ్మా, పాలు మానకండి. ముందు ఈ ఒక్క మాట పట్టుకోండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. ఇంట్లో ఎవరేమన్నా, జబ్బు ఏమిటో తేలేదాకా పాపకు మీ పాలే ఇవ్వండి.

రెండో మాట. రేపే పాపను పిల్లల డాక్టర్‌కు చూపించండి. చర్మవ్యాధుల డాక్టర్ కూడా ఉన్న ఆసుపత్రి అయితే ఇంకా మంచిది. ఉత్తరం చదివి జబ్బు ఇదేనని తేల్చేయడం నాకు ఇష్టం లేదు, అది పద్ధతీ కాదు. కానీ మీరు రాసినవన్నీ ఒకచోట పెట్టి చూస్తే జింక్ లోపమేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. నోటి చుట్టూ మచ్చలు, మలద్వారం చుట్టూ మచ్చలు, ఆగని విరేచనాలు, జుట్టు రాలడం, ఓదార్చినా తగ్గని ఏడుపు. పైగా నెలలు తక్కువ బిడ్డ. వీటిలో ఏ ఒక్కటి విడిగా వచ్చినా వంద కారణాలు వెతకొచ్చు. అన్నీ కలిసి వచ్చినప్పుడు మాత్రం మొదట అనుమానించాల్సింది జింక్‌నే.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు పాపను పగటి వెలుతురులో, కిటికీ దగ్గర పడుకోబెట్టి మీరే ఒకసారి పరీక్షగా చూడండి. నోటి దగ్గర ఎరుపు ఎలా ఉంది? జింక్ లోపంలో చాలామంది పిల్లలకు అది రెండు బుగ్గల మీద నుంచి గడ్డం మీదుగా లాడం ఆకారంలో వస్తుంది. పైపెదవి మీద చర్మం చాలావరకు మామూలుగానే ఉంటుంది. మచ్చకు అంచు స్పష్టంగా ఉంటుంది, గీత గీసినట్టు. మధ్యలో పొట్టు రేగడం, ఒక్కోచోట రసి కారి పెచ్చు కట్టడం ఉంటాయి. తర్వాత పాప పిడికిలి విప్పండి. గోళ్ల చుట్టూ చర్మం వాచి ఎర్రగా, చిన్న గోరుచుట్టులా ఉందా? వేళ్ల కొసలు, అరికాళ్ల అంచులు, మడమలు కూడా చూడండి. పిరుదుల దగ్గర ఎరుపు గజ్జల మడతల్లోకి కూడా దిగిందా, మడతలను వదిలేసి పైపైనే ఉందా? మామూలు డైపర్ ఒరిపిడి సాధారణంగా మడతలను వదిలేస్తుంది. ఫంగస్ అయితే మడతల్లోకి దిగి, చుట్టూ చిన్నచిన్న ఎర్రటి చుక్కలు చల్లినట్టు ఉంటుంది. ఈ రెండూ నోటి చుట్టూ లాడం గీయవు, జుట్టు రాల్చవు. ఒక చిక్కు మాత్రం ఉంది. జింక్ తక్కువైన చర్మం మీద ఫంగస్ సులువుగా చేరుతుంది. అందుకే ఫంగస్ క్రీము రాస్తే నాలుగు రోజులు తగ్గినట్టు కనిపిస్తుంది. పైన చేరింది పోతుంది, అసలు కారణం లోపల అలాగే ఉంటుంది. మీ పాప విషయంలో జరిగింది బహుశా ఇదే.

ఈ పిడికిలి సంగతి నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఐదు నెలల బాబును ఒక తల్లి తీసుకొచ్చింది. ఇదే కథ: పిరుదుల మీద ఎరుపు, నోటి చుట్టూ ఎరుపు. ఫంగస్ అనుకుని నెల రోజులు మందులు మార్చి మార్చి ఇచ్చాను. నాలుగోసారి వచ్చినప్పుడు ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద బోర్లించింది. పదకొండు క్రీము ట్యూబులు. కొన్ని నేను రాసినవే. నాకు చెమటలు పట్టాయి. ఆ రోజే మా సీనియర్ మేడమ్‌కు చూపించాను. ఆవిడ పిరుదుల వంకే చూడలేదు. బాబు పిడికిలి విప్పి, గోళ్ల చుట్టూ వాపు నాకు చూపించి, "చేతులు చూశావా?" అని అడిగారు. చూడలేదు. రక్తం తీయించి, ఫలితం కోసం ఆగకుండా ఆ సాయంత్రమే జింక్ మొదలుపెట్టించారు. నాలుగో రోజు బాబు తండ్రి వచ్చి మచ్చల మాట ఎత్తలేదు. "రాత్రి ఆరు గంటలు నిద్రపోయాడండీ, భయమేసి మధ్యలో లేచి ఊపిరి చూసుకున్నాం" అన్నాడు. అప్పటి నుంచి క్రీములకు లొంగని ఎరుపుతో ఏ బిడ్డ వచ్చినా నేను ముందు పిడికిలి విప్పుతాను.

ఇంత చిన్న ఖనిజం ఒంటినిండా ఇంత గొడవ ఎందుకు చేస్తుందంటే, మన శరీరంలో మూడు వందలకు పైగా ఎంజైములకు జింక్ కావాలి. కొత్త కణాలు పుట్టడానికి కూడా అదే కావాలి. అందుకే వేగంగా పాతవి రాలి కొత్తవి వచ్చే చోట్ల దెబ్బ ముందు కనపడుతుంది: చర్మం, జుట్టు, పేగు లోపలి పొర, రోగనిరోధక కణాలు. చర్మంలోనూ ఎక్కడ తడి, ఎక్కడ రాపిడి ఎక్కువో అక్కడ ముందు. చొంగ కారే గడ్డం, మలమూత్రాలతో తడిసే పిరుదులు, నోట్లో పెట్టుకునే వేళ్లు. పేగు పొర దెబ్బతింటే విరేచనాలు. ఆ విరేచనాల్లో ఉన్న కాస్త జింక్ కూడా పోతుంది. ఆ పోవడంతో విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మధ్యలో ఎక్కడో ఒకచోట ఈ చక్రాన్ని ఆపాలి, దాన్ని ఆపేది చర్మం మీద రాసే మందు కాదు.

ఇక మీ మనసును తొలిచేస్తున్న ప్రశ్న: ఇది నా తప్పా? కాదమ్మా. మీరు నెయ్యి ఎక్కువ తిన్నారనో, వంకాయ తిన్నారనో, పథ్యం తప్పారనో ఈ మచ్చలు రాలేదు. తల్లి తిండిని బట్టి పాలలో జింక్ పెద్దగా పెరగదు, తరగదు. పాప వైపు నుంచి చూస్తే కారణాలు మూడు ఉండొచ్చు.

మొదటిది, నెలలు నిండకపోవడం. బిడ్డ తన జింక్ నిల్వలో ఎక్కువ భాగం కడుపులో ఉండగా చివరి మూడు నెలల్లోనే కూడబెట్టుకుంటుంది. 34వ వారంలో పుట్టిన మీ పాప ఆ కూడబెట్టుకునే రోజుల్లో దాదాపు ఆరు వారాలు పోగొట్టుకుంది. పైగా ఇలాంటి పిల్లలు పుట్టాక వేగంగా బరువు పెరుగుతారు. 1.9 నుంచి 4.6 కిలోలు అంటే ఒళ్లు రెట్టింపు దాటింది, ఖర్చు ఆ మేరకు పెరిగింది, ఖాతాలో మాత్రం మొదటే తక్కువ ఉంది. పాలలో జింక్ కూడా కాలంతో తగ్గడం సహజం. ముర్రుపాలలో చాలా ఎక్కువ ఉంటుంది, నెల నాటికి లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములకు దిగుతుంది, ఆరు నెలల నాటికి ఒక మిల్లీగ్రాము దరిదాపుల్లోకి వస్తుంది. నిండునెలల బిడ్డకు పుట్టుకతో వచ్చిన నిల్వ ఉంటుంది కాబట్టి అది సరిపోతుంది.

రెండోది, పాలలోకి జింక్ చేరే దారిలోనే ఇబ్బంది. కొందరు తల్లులకు రక్తంలో జింక్ మామూలుగానే ఉంటుంది, దాన్ని పాలలోకి పంపే ఒక ప్రోటీన్ మాత్రం సరిగ్గా పనిచేయదు. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో మార్పే దీనికి కారణమని 2006లో ఇద్దరు అక్కాచెల్లెళ్ల పాలను పరీక్షించి కనుక్కున్నారు. వాళ్ల పాలు మాత్రమే తాగిన పిల్లలకు జింక్ లోపం వచ్చింది. తల్లి జింక్ మాత్రలు మింగినా పాలలో అది పెరగదు. తలుపు మూసి ఉంటే గోడౌన్‌లో సరుకు ఎంతుంటే ఏం లాభం? 15 రోజులు మీరు మాత్రలు వేసుకున్నా మార్పు లేకపోవడానికి కారణం ఇదే అయి ఉండొచ్చు. మీ మాత్రలు పని చేయలేదు కాబట్టి పాపది జింక్ లోపం కాదు అని మాత్రం అనుకోకండి. జింక్ పాప నోట్లోకి నేరుగా వెళ్లాలి.

మూడోది, మీ మేనరికం వల్ల నేను తప్పనిసరిగా ప్రస్తావించాల్సినది. అక్రోడెర్మటైటిస్ ఎంటెరోపథికా అని ఒక అరుదైన జబ్బు ఉంది. సుమారు ఐదు లక్షల మందిలో ఒకరికి వస్తుంది. ఇందులో తల్లి పాలలో లోపం ఏమీ ఉండదు, బిడ్డ పేగు జింక్‌ను పీల్చుకోలేదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరో దెబ్బతిన్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది. రక్తసంబంధంలో పెళ్లి అయినవాళ్లు ఇద్దరూ ఒకే తాతయ్య నుంచి ఒకే లోపాన్ని మోస్తూ ఉండే అవకాశం ఎక్కువ. మన రెండు రాష్ట్రాల్లో మేనరికాలు ఇప్పటికీ మామూలే కాబట్టి మన డాక్టర్లు ఈ పేరును మరచిపోకూడదు.

అయినా మీ పాపకు ఈ మూడోది అయ్యే అవకాశం తక్కువనే అనుకుంటున్నాను, కారణం చెబుతాను. ఈ జన్యు జబ్బు ఉన్న పిల్లల్లో తల్లి పాలు తాగినంతకాలం మచ్చలు సాధారణంగా రావు. పాలు మాన్పించి ఆవు పాలో, డబ్బా పాలో, ఉగ్గో మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనో వారాల్లోనో బయటపడతాయి. తల్లి పాలలోని జింక్‌ను బిడ్డ పేగు తేలిగ్గా తీసుకుంటుంది. ఆవు పాలలోనిది కేసీన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని అంత సులువుగా వదలదు. మీ పాప పాలు మాత్రమే తాగుతూ ఉండగానే మచ్చలు వచ్చాయంటే, మొదటి రెండు కారణాల వైపే మొగ్గు. తేడా చిన్నది కాదు. ఆ రెండింటిలో అయితే కొన్ని నెలలు జింక్ ఇచ్చి, ఉగ్గు బాగా అలవాటయ్యాక ఆపేస్తాం. జన్యు జబ్బులో అయితే జీవితాంతం ఇవ్వాలి.

తల్లి పాల గురించి ఇంత పట్టుగా చెప్పడానికి ఒక పాత సంగతి కూడా కారణం. ఆ జన్యు జబ్బును 1936లో స్వీడన్‌లో బ్రాంట్ అనే వైద్యుడు మొదట వర్ణించారు. 1942లో నార్వేలో డాన్‌బోల్ట్, క్లాస్ అనే ఇద్దరు ఇప్పుడున్న పేరు పెట్టారు. కారణం ఎవరికీ తెలియదు. చాలామంది పిల్లలు పసితనంలోనే చనిపోయేవారు. తల్లి పాలు ఇస్తే కోలుకుంటారని, మాన్పిస్తే మళ్లీ వస్తుందని మాత్రం గమనించారు. అంటే దశాబ్దాల పాటు ఆ పిల్లలను నిలబెట్టిన వాటిలో తల్లి పాలు ఒకటి. 1973లో లండన్‌లో మొయినహన్ అనే చర్మవైద్యుడు ఈ జబ్బున్న ఒక చిన్నారి రక్తంలో జింక్ బాగా తక్కువ ఉందని గమనించి జింక్ ఇచ్చారు. మచ్చలు మాయమయ్యాయి. ప్రాణాలు తీసే జబ్బు రోజుకు కొన్ని మిల్లీగ్రాముల ఖనిజంతో అదుపులోకి వచ్చింది. లోపం ఏ జన్యువులో ఉందో 2002లో తెలిసింది. ఆ పిల్లలకు దొరకని మందు ఈరోజు మీ ఊరి మెడికల్ షాపులో సిరప్‌గా, పీహెచ్‌సీలో ఉచితంగా నీళ్లలో కరిగే మాత్రగా ఉంది. అందుకే తల్లి పాలు మాన్పించి, డబ్బా పాలు పట్టి, ఇంకో రెండు నెలలు క్రీములు రాయడం అంటే నాకు అంత బాధ.

డాక్టర్ దగ్గర ఏం జరగాలో ఇప్పుడు చెబుతాను. రక్తంలో జింక్ ఎంతుందో చూస్తారు. సాధారణంగా డెసిలీటరుకు 65, 70 మైక్రోగ్రాముల కన్నా తక్కువ ఉంటే లోపం అంటారు. ఈ పరీక్షకు రక్తాన్ని మామూలు ట్యూబులో తీస్తే ట్యూబు నుంచో, రబ్బరు మూత నుంచో జింక్ కలిసి లెక్క తప్పవచ్చు. ఖనిజాల పరీక్షకు ముదురు నీలం మూత ట్యూబు ప్రత్యేకంగా ఉంటుంది, అది ఉందా అని ల్యాబులో మొహమాటం లేకుండా అడగండి. అంతకన్నా చవకైన ఆధారం ఇంకొకటుంది: ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. ఈ ఎంజైమ్ పనిచేయాలంటే జింక్ కావాలి, జింక్ తగ్గితే ఇదీ తగ్గుతుంది. ఏ చిన్న ల్యాబులోనైనా చేస్తారు. ఒక్క జాగ్రత్త. ఎముకలు పెరిగే పసిపిల్లల్లో ఇది పెద్దవాళ్ల కన్నా చాలా ఎక్కువ ఉండాలి. కాబట్టి రిపోర్టులో పెద్దవాళ్ల లెక్కతో "నార్మల్" అని అచ్చయినా, పాపకు అది తక్కువే కావచ్చు. అంకె చూపించి డాక్టర్‌ను అడగండి. మరో సంగతి, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గినా రక్తంలో జింక్ తక్కువగానే కనిపిస్తుంది. రిపోర్టు మామూలుగా వచ్చినంత మాత్రాన జింక్ లోపం లేదనీ చెప్పలేం. రిపోర్టు సగం ఆధారం. మిగతా సగం, జింక్ ఇచ్చాక పాప ఎలా మారుతుందన్నది.

అందుకే రక్తం తీసిన రోజే జింక్ మొదలుపెట్టమని డాక్టర్‌ను అడగవచ్చు. ఫలితం వచ్చేసరికి వారం పట్టవచ్చు, అంతవరకు పాపను అలా ఏడిపించడం ఎందుకు? మోతాదు కిలో బరువుకు రోజుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. జన్యు జబ్బు అనుమానం ఉంటే మూడుతో మొదలుపెడతారు. మీ పాప 4.6 కిలోలకు అది సుమారు 5 నుంచి 14 మిల్లీగ్రాములు. ఎంతివ్వాలో డాక్టరే తేల్చాలి. నేను ఇక్కడ అంకెలు రాసింది మీరు సొంతంగా ఇవ్వడానికి కాదు, సీసా మీద చదివేటప్పుడు పొరపాటు జరగకూడదని. లేబుల్ మీద "ఎలిమెంటల్ జింక్" ఎంతని ఉందో అదే చూడాలి. జింక్ సల్ఫేట్ 50 మిల్లీగ్రాములు అని రాసి ఉంటే అందులో అసలు జింక్ 11 మిల్లీగ్రాముల దాకానే ఉంటుంది. కొన్ని సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాములు ఉంటే, కొన్నింటిలో 10 ఉంటాయి. "ఒక స్పూను" అనే మాట పసిబిడ్డ మందుకు పనికిరాదు. ఎన్ని మిల్లీలీటర్లో రాయించుకుని, సిరంజితో కొలిచి ఇవ్వండి.

కరిగే మాత్ర ఇస్తే, స్పూనులో కాస్త పిండిన చనుబాలలో కరిగించి పట్టండి. ఖాళీ కడుపున ఇస్తే వాంతి కావచ్చు, పాలు తాగాక ఇవ్వండి. నెలలు తక్కువ పిల్లలకు ఐరన్ చుక్కలు కూడా రాస్తారు కదా, ఆ రెండూ ఒకేసారి పోయకుండా మధ్యలో కొన్ని గంటల ఎడం ఉంచండి. "విరేచనాలు తగ్గాయి కాబట్టి ఆపేద్దాం" అనుకోకండి. విరేచనాలకు మామూలుగా ఇచ్చే 14 రోజుల కోర్సు వేరు, ఇది వేరు. అలాగే తొందరగా తగ్గాలని ఎక్కువ పోయకండి. జింక్ ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గిపోతుంది, దానితో రక్తహీనత, తెల్లకణాలు పడిపోవడం లాంటి కొత్త కష్టాలు వస్తాయి. నెలల తరబడి ఇచ్చేటప్పుడు మధ్యమధ్య రక్తపరీక్ష అందుకే.

పని చేస్తోందా లేదా అని ఎక్కువ కాలం ఎదురుచూడక్కర్లేదు. మొదట మారేది పాప ముఖం. రెండు మూడు రోజుల్లో ఏడుపు తగ్గుతుంది, నిద్ర పడుతుంది, పాలు తాగుతూ మీ వంక చూస్తుంది. తర్వాత విరేచనాలు. వారం, రెండు వారాల్లో మచ్చలు ఎండి, కింద లేత చర్మం వస్తుంది. జుట్టుకు ఇంకొన్ని వారాలు పడుతుంది. పది రోజులు సరైన మోతాదులో ఇచ్చినా వీటిలో ఏదీ మారకపోతే మన అనుమానాన్ని మార్చుకోవాలి. బయోటిన్ అనే విటమిన్ లోపం, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఇంకో జన్యు జబ్బు, పుట్టుకతో వచ్చే కొన్ని జీవక్రియ లోపాలు కూడా చర్మం మీద అచ్చం ఇలాగే కనిపిస్తాయి. వాటికి వేరే పరీక్షలు ఉన్నాయి.

ఈలోగా చర్మానికి తక్కువలో తక్కువ చేయండి. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి పాత నూలు గుడ్డ, రుద్దకుండా అద్దడం. పైన పలుచగా పెట్రోలియం జెల్లీ. సున్నిపిండి, పసుపు, పౌడరు, యాంటీసెప్టిక్ లోషన్లు ఏవీ వద్దు. రోజులో కొన్ని గంటలు గుడ్డ కట్టకుండా గాలికి వదిలేయండి. జింక్ ఆక్సైడ్ క్రీము రాస్తే జింక్ అందుతుంది కదా అని కొందరు అడుగుతుంటారు. అది తడి తగలకుండా చర్మానికి అడ్డుగా ఉంటుందే కానీ ఒంట్లో లోపాన్ని పూడ్చదు. మెడికల్ షాపులో ఇచ్చిన ఆ మూడో క్రీము ట్యూబును మాత్రం తప్పకుండా డాక్టర్‌కు చూపించండి. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిపిన క్రీములు చాలా ఉన్నాయి. పసిబిడ్డ పిరుదుల మీద, అందులోనూ గుడ్డ కట్టిన చోట స్టెరాయిడ్ వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఒంట్లోకి కూడా ఇంకుతుంది.

అక్కి గురించి మీ అత్తయ్యతో గొడవ పడొద్దు. మనవరాలి బాధ చూడలేక ఆవిడకు తెలిసిన దారిలో వెళ్లారు. మన ఊళ్లలో పొక్కులంటే జాజుతో బొమ్మ రాయించడం తరతరాలుగా ఉన్నదే. అయితే రసి కారే పచ్చి చర్మం మీద మట్టి పడితే చీము పట్టే ప్రమాదం ఉంది, జింక్ తక్కువైన బిడ్డకు దాన్ని ఎదుర్కొనే శక్తి కూడా తక్కువ. ఈ మాట మీ నోటితో చెబితే వినకపోవచ్చు, డాక్టర్ దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్లి ఆయన చేతే చెప్పించండి. పాలు పడటం లేదన్న మాటకు జవాబు కూడా అక్కడే, ఆవిడ ముందే అడగండి.

పాపకు జ్వరం వచ్చినా, మందకొడిగా పడి ఉన్నా, పాలు తాగడం మానేసినా, మాడు గుంట పడినా, ఆరు గంటలు మూత్రం పోకపోయినా, మలంలో రక్తం కనిపించినా, మచ్చల నుంచి చీము కారినా రేపటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి. ఈ లోపంలో ప్రాణం మీదికి తెచ్చేది మచ్చలు కాదు, ఒళ్లు ఎండిపోవడం, రక్తంలోకి పాకే ఇన్ఫెక్షన్. మూడు వారాల విరేచనాలంటే తేలిగ్గా తీసుకోకూడదు. ఓఆర్‌ఎస్ ఎంత, ఎలా పట్టాలో కూడా అడగండి.

ఆరు నెలలు వచ్చాక ఉగ్గు విషయంలో ఒక మాట. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు రెండున్నర, మూడు మిల్లీగ్రాముల జింక్ కావాలి, ఇక పాలతోనే అది రాదు. మనవాళ్లు పలచటి రాగిజావ, బియ్యం ఉగ్గు దగ్గరే నెలల తరబడి ఆగిపోతారు. రాగుల్లో, పప్పుల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది, అది జింక్‌ను పట్టుకుని వదలదు. రాగులను రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక నీడలో ఆరబెట్టి పిండి పట్టిస్తే ఆ పట్టు చాలావరకు సడలుతుంది. పులిసిన ఇడ్లీ పిండిలోనూ అంతే. మీరు మాంసాహారులైతే మెత్తగా ఉడికించి చిదిమిన కోడిమాంసం, కార్జం, గుడ్డు పచ్చసొన, ముల్లు తీసిన చేప కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. పళ్లు రానక్కర్లేదు, ఏడాది నిండనక్కర్లేదు. శాకాహారులైతే పెరుగు, నువ్వుల పొడి, జీడిపప్పు పొడి ఉగ్గులో కలపండి. మీరు కూడా ఆ బాలింత పథ్యం కట్టిపెట్టి అన్నీ తినండి. మీ పాలలో జింక్ పెరుగుతుందని కాదు, పాలిచ్చే ఒంటికి అది అవసరం కాబట్టి.

ఇంకో బిడ్డ గురించి అడిగారు. నెలలు తక్కువ కావడమే కారణమైతే, నిండునెలల్లో పుట్టే బిడ్డకు ఈ భయం పెద్దగా లేదు. పాలలోకి జింక్ చేరకపోవడమే అయితే తర్వాతి బిడ్డకూ రావచ్చు. అప్పుడు పుట్టిన రోజే డాక్టర్‌కు ఈ కథ చెప్పండి. మీ పాలు మానకుండానే బిడ్డకు జింక్ చుక్కలు ఇస్తూ గడిపేయవచ్చు. జన్యు జబ్బు అని తేలితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అది తేల్చడానికి మీ ముగ్గురికీ జన్యుపరీక్ష చేయించాల్సి వస్తుంది, ఇంకో బిడ్డ ఆలోచనకు ముందే. ఇప్పుడు దాని గురించి రాత్రులు మేలుకోకండి. జింక్‌తో పాప తేరుకుని, ఉగ్గు అలవాటై, తర్వాత డాక్టర్ చెప్పాక మందు ఆపినప్పుడు మచ్చలు తిరిగి వస్తాయా రావా అన్నది చూసి చాలావరకు చెప్పేయవచ్చు. ఆపాక తిరిగి రాకపోతే జన్యు జబ్బు కాదు. తిరిగి వచ్చినా భయపడకండి. మందు మళ్లీ మొదలుపెడితే మళ్లీ తగ్గుతాయి, రోజూ మందు వేసుకుంటూ బడికి వెళ్లి, పెద్దై, పిల్లల్ని కన్నవాళ్లు ఉన్నారు.

రేపు మొదటి డోసు పట్టే ముందు కిటికీ వెలుతురులో నాలుగు ఫొటోలు తీయండి: ముఖం, పిరుదులు, చేతివేళ్లు, తల. మూడో రోజు, ఏడో రోజు, పదో రోజు అదే చోట, అదే వెలుతురులో మళ్లీ తీయండి. పాప ఎన్నిసార్లు విరేచనానికి వెళ్లిందో, రాత్రి ఎన్ని గంటలు పడుకుందో పక్కనే ఒక కాగితం మీద రాసుకోండి. పదో రోజు ఆ ఫొటోలు, ఆ కాగితం, ఇంట్లో ఉన్న క్రీము ట్యూబులన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తర్వాత నాకు ఒక్క ముక్క రాయండి, పాప నిద్రపోతోందా అని.